పసివాడికి ఒంట్లో బాగాలేదు... ఎవరి మాట వినాలి?

"అమ్మా! బాబుకి పొద్దుటినుంచి ఆరుసార్లు మోషన్స్ అయ్యాయి. ఏం చెయ్యమంటావ్?"

2024 ఏప్రిల్‌లో ఓ రాత్రి పదిగంటల వేళ హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను. మనవడికి అప్పటికి పద్నాలుగు నెలలు. వెనకనుంచి వాడి ఏడుపు వినబడుతూనే ఉంది. గుత్తివంకాయ ఎలా వండాలని అడిగినా నాలుగు మాటలు ఎక్కువే చెప్పే నాకు ఆ రాత్రి వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకంటే సరిగ్గా ముప్ఫై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్న నేనూ ఒక పెద్దావిడని అడిగాను. ఆవిడ ఎంతో ప్రేమగా జవాబు చెప్పారు. ఆ జవాబు వల్ల నా బిడ్డ చేజారిపోయేదే.

ఆ బిడ్డే ఇప్పుడు ఫోన్లో ఉన్న ఈ అమ్మాయి.

ఆ వేసవిలో ఏం జరిగిందంటే...

1994. తెనాలి దగ్గర మా అత్తవారి ఊరు. పాపకి పదో నెల. నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. నాకు ఇరవై రెండేళ్ళు, తొలి కాన్పు, ఏం చేయాలో పాలుపోలేదు. అత్తయ్యగారిని అడిగాను. "పళ్ళు వచ్చేటప్పుడు ఇవి మామూలే అమ్మాయ్, కంగారుపడకు. నీళ్ళు మాత్రం పట్టించకు. పట్టించినకొద్దీ పోతుంది" అన్నారు. పక్కింటి పిన్నిగారు వచ్చి చూసి "నిన్న గుడి దగ్గర ఎవరి కన్నో పడింది" అంటే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశాం. సాయంత్రానికి తగ్గకపోతే ఊళ్ళో ఆర్ఎంపీగారు వచ్చి ఓ సూది వేసి, గులాబీరంగు మందు సీసా ఇచ్చి వెళ్ళారు.

చూడండి, నేను అడగనివాళ్ళు లేరు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పారు. ఎవ్వరూ చెడు కోరి చెప్పలేదు. కానీ మర్నాటి మధ్యాహ్నానికి పాప కళ్ళు లోపలికి పోయాయి. మాడు గుంటపడింది. ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావటంలేదు.

ఆ రోజు టీకాల రోజు కావటం మా అదృష్టం. వాయిదా సంగతి చెప్పడానికి సబ్ సెంటర్ నర్సమ్మ మా వీధిలోకి వచ్చారు. పాపని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పొట్ట మీద చర్మం రెండువేళ్ళతో పట్టి వదిలారు. అది మెల్లగా, బద్ధకంగా వెనక్కి వెళ్ళింది. "పాప ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోసిందమ్మా?" అని అడిగారు. నాకు తెలీదు! అప్పటివరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు మరి. "పాలు తాగుతోందా? వాంతులున్నాయా? నెత్తురేమైనా పడిందా?" అని అడుగుతూనే సంచీలోంచి ఓ పొట్లం తీశారు. మా ఇంట్లో లీటరు సీసా ఉందో లేదో అడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి పోయించి, పొట్లం మొత్తం అందులో కలిపించారు. చెంచాతో పట్టటం మొదలుపెడితే, పాప చెంచాని పట్టుకుని లాక్కుని మరీ తాగింది!

నర్సమ్మ నాలుగుగంటలు కదలకుండా కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు "రేపు పొద్దున వస్తాను. ఈలోగా పాప తాగటం మానేసినా, మగతగా పడుకున్నా నాకోసం చూడొద్దు. రాత్రయినా సరే తెనాలి ఆసుపత్రికి వెళ్ళిపోండి" అన్నారు. రాత్రి ఎనిమిదింటికి పాప పక్క తడిపింది. ఆ తడి గుడ్డ చూసి నేను ఏడ్చాను.

అప్పుడు అత్తయ్యగారు అన్న మాట నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. వంటింటి గడప మీద కూర్చుని, "మా పెద్దాడికీ ఇలాగే వచ్చిందే అమ్మాయ్. నీళ్ళు నీళ్ళని అడిగాడు. నేను ఇవ్వలేదు. ఇవ్వకూడదన్నారు" అన్నారు. ఆవిడకి ఇద్దరే పిల్లలనుకునేదాన్ని. ముగ్గురని ఆ రోజే తెలిసింది.

ఉప్పూ, పంచదారా, నీళ్ళూ

నర్సమ్మ ఇచ్చిన ఆ పొట్లం వెనక పెద్ద కథే ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చి లక్షలమంది మన దేశంలోకి తరలివచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా విజృంభించింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు నోటితో తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నూటికి నాలుగు లోపుకి దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

విరేచనాలప్పుడు కూడా పేగు గ్లూకోజునీ, ఉప్పునీ కలిపి లోపలికి తీసుకోగలదు. వాటితోపాటే నీళ్ళూ వెళతాయి. అసలు కిటుకు ఇదే. అందుకే పాళ్ళు ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. పంచదార ఎక్కువైతే పేగే ఒంట్లోని నీటిని బయటికి లాగి విరేచనాలని పెంచుతుంది. నీళ్ళు తగ్గించి చిక్కగా కలిపినా ప్రమాదమే. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్లు పంచదార, అర టీస్పూను ఉప్పు - స్పూను తలకొట్టి కొలవాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండేళ్ళలోపు పిల్లలకి విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకి 100 నుంచి 200 దాకా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ చెంచాతో మెల్లగా. తల్లిపాలు, తిండి ఆపనేకూడదు. దీనికితోడు 14 రోజులు జింక్ మందు ఇవ్వాలి. ఆరునెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు. రెండోరోజే విరేచనాలు ఆగిపోయాయని చాలామంది జింక్ మానేస్తారు. మానకూడదు.

పెద్దవాళ్ళ మాటల్లో వడ్లెన్ని, పొల్లెంత?

అలాగని పెద్దవాళ్ళ మాటలన్నీ తీసి అవతల పెట్టమని నేననను. బాలింతకి తోడుండటం, బిడ్డని ఎత్తుకోవటం, జోకొట్టటం, నలతగా ఉందని చూపుతోనే పసిగట్టటం వాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? విరేచనాలప్పుడు గంజీ, పల్చటి మజ్జిగా ఇవ్వమనే పెద్దవాళ్ళూ ఉన్నారు. అది మంచి మాటే.

కానీ కొన్ని మాటలు వినకూడదు. ముర్రుపాలు పిండి పారబోయమంటారు. బిడ్డకి రోగాల నుంచి తొలి రక్షణ ఆ పాలే. నాలిక మీద తేనె రాయమంటారు. ఏడాదిలోపు పిల్లలకి తేనె పనికిరాదు, అందులోని ఒకరకం సూక్ష్మజీవుల వల్ల కండరాలు చచ్చుబడే ప్రమాదముంది. చెవుల్లో, ముక్కులో నూనె పోయమంటారు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఆరునెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదంటే, ఈ ఎండల్లో ఎలాగమ్మా అంటారు. తల్లిపాలలో చాలాభాగం నీళ్ళే! కామెర్లకి పసరు పోయించటం, చేతి మీద వాతలు పెట్టించటం ఇంకా అక్కడక్కడా ఉంది. పుండు తప్ప దాంతో ఒరిగేదేం లేదు.

తట్టు వస్తే అమ్మవారు పోసిందని మందు వేయకుండా, సరిగ్గా తిండి పెట్టకుండా ఉంచేవాళ్ళు. వేపాకు పక్కన పెట్టుకోండి, తప్పులేదు. కానీ డాక్టరుకి చూపించండి. తట్టు వచ్చిన పిల్లలకి విటమిన్ ఎ ఇవ్వాలి. తిండి మామూలుగానే పెట్టాలి. అసలు రాకుండా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది టీకాలున్నాయి. ఆ రెండోదే చాలామంది మర్చిపోతారు.

మందుల షాపే ఆసుపత్రి!

మనలో ఎక్కువమంది ముందు వెళ్ళేది ఎక్కడికి? వీధి చివర మందుల షాపుకే. ఫీజు లేదు, క్యూ లేదు. "బాబుకి జ్వరం, ఏదైనా ఇవ్వండి" అంటే చాలు. కానీ అక్కడున్న కుర్రాడు మీ బాబుని చూడలేదు, వాడి బరువెంతో అడగలేదు.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే తీసుకోండి. పిల్లలకిచ్చే మోతాదు వయసునిబట్టి కాదు, బరువునిబట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఇది చుక్కల మందుగానూ, సిరప్‌గానూ వస్తుంది. చుక్కల మందులో మామూలుగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో ఒకరకం అయిదు మిల్లీలీటర్లకి 120 లేక 125, ఇంకోరకంలో 250. కిందటిసారి సిరప్ ఒక స్పూను వేశాం కదా అని ఈసారి చుక్కల మందు అంతే పోస్తే ఏమవుతుంది? ఒక్కసారే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది! అందుకే సీసా మారినప్పుడల్లా మోతాదు మళ్ళీ అడగాలి. సీసాతో ఇచ్చిన కొలతతోనే కొలవాలి, వంటింటి స్పూనుతో కాదు. ఆస్పిరిన్ జోలికి వెళ్ళనేకూడదు.

ఇక దగ్గు మందులు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కలుషితమైన దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందులో ఉన్నది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం, కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఆ సమయంలోనే కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, అయిదేళ్ళలోపు పిల్లలకి సాధారణంగా అవి అక్కర్లేదనీ చెప్పింది. మామూలు జలుబు, దగ్గు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. మనం చూడవలసింది దగ్గు చప్పుడు కాదు, ఊపిరి వేగం.

సూది వేస్తేనే వైద్యమా?

ఆర్ఎంపీగారిని తిట్టటం తేలిక. కానీ అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే కదా! డబ్బు రేపిచ్చినా ఊరుకునేదీ ఆయనే. ఆ నమ్మకం ఊరికే రాలేదు. అయితే సూది వేయకపోతే "ఇదేం వైద్యం" అని మొహం ముడుచుకునేది మనమే. ఆ రోజు మా పాపకి వేసిన సూది ఏమిటో మాకు తెలీదు, అడగలేదు. విరేచనాల్లో ఎక్కువభాగం వైరస్ వల్ల వచ్చేవి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఇంటి దగ్గరి మనిషిగా ఆయన సాయం తీసుకోండి. బండి మాట్లాడటానికి, ఆసుపత్రికి చేర్చటానికి ఆయన్ని మించినవారు లేరు. పసిపిల్లలకి సూదులూ, యాంటీబయాటిక్‌లూ మాత్రం డాక్టరు చూడకుండా వద్దు.

ఇప్పటి పిల్లలకి ఫోనే అత్తగారు

మా అమ్మాయి ఆ రాత్రి నాకంటే ముందు ఫోన్లో ఎనిమిది వీడియోలు చూసిందట. ఒకరు పాలు ఆపమన్నారు, ఒకరు ఆపొద్దన్నారు. ఒకరు దానిమ్మ తొక్క అన్నారు, ఒకరు జాజికాయ అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు ముగ్గురు సలహాదార్లుంటే దీనికి ఎనిమిదిమంది! అందులోనూ ఒక్కరైనా "బాబు ఉచ్చ పోశాడా?" అని అడగలేదు. అడగలేరు కూడా. వీడియోకి మీ బిడ్డ కనబడడు కదా.

"ఇంతకీ ఇప్పుడేం పడుతున్నావే?" అన్నాను. "ఓఆర్ఎస్ అమ్మా, షాపులో అడిగితే డబ్బాలో ఇచ్చారు. ఆపిల్ రుచి. రెండు డబ్బాలు తాగాడు, అయినా ఎక్కువవుతున్నాయి" అంది. ఆపిల్ రుచా? వెనక చిన్న అక్షరాలు చదవమన్నాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు" అని రాసుంది!

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఒక మాట, వెనక చీమతలంత అక్షరాల్లో ఇంకో మాట. అర్ధరాత్రి బిడ్డని భుజాన వేసుకుని షాపుకొచ్చిన తల్లి ఏది చదువుతుంది? ఇలాంటి తీపి పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశాలిచ్చింది. అయినా మీరు కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడటం మానకండి.

మరి నమ్మదగినవారు ఎవరు?

నేను ఇన్నేళ్ళుగా నర్సమ్మని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకీ మిగిలినవాళ్ళకీ తేడా ఏమిటా అని ఆలోచించాను. ఆవిడ చెప్పడానికి ముందు అడిగారు. బిడ్డని తాకి చూశారు. ఏ గుర్తు కనిపిస్తే తన మాట పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పారు. మాకేదీ అమ్మలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. డాక్టరుకైనా, డిగ్రీ లేని అమ్మమ్మకైనా నేను ఇవే చూస్తాను.

అలాంటివాళ్ళు మనకి దగ్గర్లోనే ఉన్నారు. సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం, వీధిలో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు. ఆశా దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితంగా దొరుకుతాయి. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించి మాతా శిశు సంరక్షణ కార్డులో గీత ఎటు వెళుతోందో చూడండి. బిడ్డ బొద్దుగా ఉన్నాడా లేదా అన్న ఇరుగుపొరుగు మాటకంటే ఆ గీత నిజం చెబుతుంది. పిల్లల డాక్టరుని జబ్బు చేసినప్పుడే కాదు, టీకాల కోసం వెళ్ళినప్పుడే పరిచయం చేసుకోండి.

డాక్టరు దగ్గర నోరు విప్పాలంటే చాలామందికి భయం. "ఏమనుకుంటారో" అని తలూపి వచ్చేసి, బయట కాంపౌండరుని అడుగుతాం! ఇంటి దగ్గరే ఓ కాగితం మీద రాసుకోండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత ఉంది, ఎన్నిసార్లు విరేచనం, ఎన్నిసార్లు ఉచ్చ, ఏ మందు ఎంత వేశారు. నాటుమందు వేసి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. వచ్చేముందు మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి: ఈ మందు దేనికి? ఎన్నాళ్ళు? ఏ గుర్తు కనిపిస్తే మళ్ళీ రావాలి?

ఈ గుర్తులు కనిపిస్తే ఎవరినీ అడగొద్దు!

- పాలు పట్టలేకపోవటం, ఏమీ తాగలేకపోవటం
- తాగినదంతా వాంతి చేసుకోవటం
- ఫిట్స్, మగత, లేపినా లేవకపోవటం
- ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగరేయటం, పక్కటెముకల కింద లోపలికి పోవటం
- బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం లెక్కపెడితే ఊపిరి రెండు నెలల్లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40, లేక అంతకుమించి ఉండటం
- విరేచనంలో నెత్తురు, కళ్ళు గుంటలు పడటం, ఆరేడు గంటలుగా ఉచ్చ రాకపోవటం
- రెండు మూడు నెలల్లోపు పసికందుకి ఏ జ్వరమైనా

వీటిలో ఒక్కటున్నా చాలు. వీడియో చూడొద్దు, షాపుకి వెళ్ళొద్దు, నాలాంటి పెద్దవాళ్ళ కోసం ఎదురుచూడొద్దు. నేరుగా ఆసుపత్రికే. బండి లేకపోతే 108.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. "చెప్పమ్మా, ఏం చెయ్యను?" అని అమ్మాయి మళ్ళీ అడిగింది. నేను చెప్పలేదు, అడిగాను. ఉచ్చ ఎప్పుడు పోశాడు? తాగుతున్నాడా? ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా? నెత్తురేమైనా పడిందా? గంట క్రితమే పోశాడు, పాలు తాగుతున్నాడు, కన్నీళ్ళొస్తున్నాయి, నెత్తురు లేదు. ఆ డబ్బా పక్కన పెట్టించి, అల్లుడుగారిని పంపి పొడి ప్యాకెట్ తెప్పించమన్నాను. లీటరు నీళ్ళు కొలిచి కలిపారు. "నాకు తెలిసింది ఇంతే తల్లీ. తెల్లారగానే డాక్టరుకి చూపించు. మధ్యలో మగతగా పడినా, తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు" అన్నాను.

పొద్దున డాక్టరు చూసి జింక్ రాశారు, అదే నీళ్ళు పట్టమన్నారు. నాలుగోరోజుకి తేరుకున్నాడు.

తర్వాత నెలలో హైదరాబాదు వెళితే వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించి ఉంది. అమ్మాయి చేతిరాతలో ఆ నాలుగు ప్రశ్నలు, పిల్లల డాక్టరు నంబరు, 108, పక్కనే బాబు బరువు, కిందటివారం తూచిన తేదీతో సహా. మీరూ ఈ రోజే ఒక కాగితం రాసి అంటించండి. జ్వరం వచ్చిన రాత్రి వెతుక్కుంటే పెన్ను కూడా దొరకదు.